గ్రూమింగ్ నుంచి వచ్చాక కాలు కింద పెట్టడం లేదు: పెంపుడు కుక్కల ప్రశ్న-జవాబు

ఎండలు ముదిరేకొద్దీ కుక్కలకు బొచ్చు కత్తిరించడం ఎక్కువవుతుంది. దాంతోపాటే "పంపినప్పుడు బాగానే ఉంది, తెచ్చాక కుంటుతోంది" అనే ఉత్తరాలూ ఎక్కువవుతాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: మా చిన్నూ పమేరియన్. మూడేళ్లు, ఐదు కిలోలు ఉంటాడు. శనివారం గ్రూమింగ్‌కు ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నాం. ఇంట్లో దించగానే కుడి వెనక కాలు పైకెత్తి నాలుగడుగులు మూడు కాళ్ల మీద గెంతాడు, ఆ వెంటనే మామూలుగా నడిచాడు. రాత్రి సోఫా మీద నుంచి దూకాక మళ్లీ ఎత్తేశాడు. ఏడవడం లేదు, అన్నం తింటున్నాడు. పార్లర్ వాళ్లేమో "ఇక్కడ ఉన్నంతసేపూ బాగానే ఉన్నాడు మేడమ్" అంటున్నారు. మా మామగారు సున్నం, పసుపు కలిపి పట్టు వేద్దామంటున్నారు. వేయొచ్చా? సోమవారం దాకా ఆగొచ్చా? తప్పు పార్లర్ వాళ్లదేనా?
పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు పట్టు సంగతి. వేయకండి. సున్నం కుక్క చర్మాన్ని కాలుస్తుంది. పైగా పూసింది ఏదైనా అది నాకకుండా ఊరుకోదు, నాకితే నోరూ గొంతూ పొక్కిపోతాయి. మనం రాసుకునే నొప్పి బామ్‌లూ అంతే. వాటిలో ఘాటుగా వాసన వచ్చే మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్ కుటుంబానికి చెందింది, కడుపులోకి పోతే విషం. డైక్లోఫెనాక్ జెల్ ఇంకా ప్రమాదం. వేడి కాపడం కూడా మొదటి రెండు మూడు రోజులు వద్దు, వాపు పెరుగుతుంది.

మీరు రాసిన నడకను బట్టి మొదట అనుమానించాల్సింది మోకాలి చిప్ప. చిప్ప తొడ ఎముక చివర ఉన్న గాడిలో పైకీ కిందికీ జారుతూ ఉండాలి. చిన్న జాతి కుక్కల్లో చాలా వాటికి ఆ గాడి పుట్టుకతోనే లోతు తక్కువ. కాలు పక్కకు తిరిగినప్పుడు చిప్ప లోపలి వైపుకు తప్పుతుంది, కాలు చాచడం కుదరక కుక్క ఎత్తేసుకుంటుంది. నాలుగడుగులు గెంతాక, లేదా కాలు ఒకసారి వెనక్కి విదిలించాక, చిప్ప తిరిగి గాడిలో కూర్చుంటుంది. ఏమీ జరగనట్టు నడక మొదలవుతుంది. ఏడుపు లేకపోవడం, మధ్యమధ్య మామూలుగా నడవడం రెండూ దీనికి సరిపోతాయి.

అయితే చూడకుండా చిప్పే అని తేల్చేయకండి. గ్రూమింగ్ తర్వాత వచ్చే కుంటులో చాలావాటికి కారణం పాదంలోనే దొరుకుతుంది, మనం పైన వెతుకుతూ ఉంటాం. మంచి వెలుతురులో, ఇంకొకరు తల పట్టుకుని ఉండగా, కింది నుంచి పైకి చూడండి. గోళ్లు ఒక్కొక్కటీ: మొదలంటా కత్తిరించారా, చీలిందా, నెత్తురు గడ్డకట్టి ఉందా. పాదం మెత్తల సందులు వేళ్లతో విడదీయండి: కత్తెర గాటు, క్లిప్పర్ ఒరిసిన ఎరుపు, సరిగా కడగని షాంపూ జిగురు. రిబ్బను కట్టిన రబ్బరు బ్యాండ్ జారి కాలికి చుట్టుకుపోయి బొచ్చులో కనబడకుండా ఉండటమూ జరుగుతుంది. అది గంటల్లో కాలు వాచేలా చేస్తుంది కాబట్టి చీలమండ చుట్టూ వేలితో తడిమి చూడండి. తర్వాత మోకాలు, తొడ, గజ్జ. ప్రతిచోటా ఎడమ కాలితో పోల్చండి: వేడి, వాపు, మందం. ఒకచోట నొక్కగానే తల తిప్పి చూసినా, పెదవి నాకినా, నోటికి ఏడుపు రాకపోయినా అక్కడ నొప్పి ఉన్నట్టే.

ఎంత సాధువైన కుక్కయినా నొప్పిలో కరుస్తుంది. రెండడుగుల మెత్తటి గుడ్డ పట్టీ మూతి చుట్టూ ఒక చుట్టు వేసి, గడ్డం కింద మలిచి, చెవుల వెనక ముడి వేయండి. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు, వాంతి చేసుకుంటున్న వాటికి ఇలా మూతి కట్టకూడదు, ఊపిరాడదు.

పాదంలో ఏమీ లేదు, కాలు కొంచెమైనా మోపుతున్నాడు అనుకుందాం. అప్పుడు సోమవారం దాకా ఆగొచ్చు. కానీ ఆగడమంటే ఇంట్లో తిరగనివ్వడం కాదు. కేజ్ ఉంటే అందులో, లేకపోతే నాలుగడుగుల చిన్న చోటు అడ్డుకట్టి కింద చాప లేదా రబ్బరు మ్యాట్ పరిచి ఉంచండి. మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్ నేల చిప్ప జారే కుక్కకు శత్రువు. సోఫా, మంచం, మెట్లు బంద్. మూత్రానికి ఎత్తుకుని తీసుకెళ్లి, బెల్టు పట్టుకునే ఐదు నిమిషాల్లో తిప్పి తేవాలి. వాపు ఉన్నచోట ఐస్ ముక్కలు తడి తువ్వాలులో చుట్టి పది నిమిషాలు, రోజుకు మూడుసార్లు. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు. కదలిక తగ్గింది కాబట్టి తిండి కూడా పదో వంతు తగ్గించండి. పెరుగన్నం తర్వాత నాలుగు మేరీ బిస్కెట్లు అనే అలవాటు ఉంటే ఇప్పుడే మానిపించండి, బరువు ఎక్కువైతే చిప్ప కష్టం రెట్టింపు.

కాలు బొత్తిగా మోపకపోయినా, వేలాడుతున్నా, వంకరగా తిరిగినా, వేళ్లు చల్లబడినా సోమవారం అనుకోవద్దు, ఆ పూటే తీసుకెళ్లండి. ముఖ్యంగా కాలు పొట్టిగా కనబడి, పాదం బయటికి తిరిగి ఉంటే తొడ ఎముక తుంటి గిన్నెలోంచి జారి ఉండొచ్చు. టేబుల్ మీద నుంచి పడినప్పుడు ఇది జరుగుతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో అయితే మత్తిచ్చి కోత లేకుండా తిరిగి కూర్చోబెట్టే వీలుంది. ఆలస్యమైతే కండరం బిగిసిపోయి ఆపరేషన్ తప్పదు.

ఒక చిన్న పని మాత్రం ఈ రోజే చేయండి. చిన్నూ కాలు ఎత్తినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి, ఒక్కోటి పది పదిహేను సెకన్లు, నున్నని నేల మీద కాకుండా సిమెంటు మీద. ఆసుపత్రి గదిలో భయానికి నొప్పి మరిచిపోయి కుక్క చక్కగా నడిచేస్తుంది. అప్పుడు డాక్టరు మీ మాటను నమ్మడం తప్ప ఏం చేయగలరు? ఎక్స్-రే తీయాలంటే మత్తివ్వాల్సి రావచ్చు కాబట్టి ఎదిగిన కుక్కకు ఆ ఉదయం తిండి పెట్టకుండా తీసుకెళ్లడం మంచిది, నీళ్లు ఇవ్వొచ్చు. నాలుగు నెలల లోపు బుల్లి పిల్లలను మాత్రం పస్తుంచకండి, చక్కెర పడిపోయి స్పృహ తప్పుతాయి. మీ ఊళ్లో వెటర్నరీ యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రి ఉంది, అందులో శస్త్రచికిత్స విభాగమూ ఉంది. ఓపీ వేళలు ముందే కనుక్కుని వెళ్లండి.

డాక్టరు చిప్పను చేత్తో తోసి చూసి ఏ దశో చెబుతారు. తోస్తే జారి, వదలగానే వెనక్కి వస్తే మొదటి దశ. తనంతట తాను అప్పుడప్పుడు జారి మళ్లీ సర్దుకుంటే రెండు, చిన్నూది ఇదే కావచ్చు. ఎప్పుడూ జారే ఉండి, చేత్తో పెడితే కాసేపు నిలిస్తే మూడు. చేత్తోనూ రాకపోతే నాలుగు. మొదటి రెండింటికి బరువు తగ్గించడం, నేల సరిచేయడం, తొడ కండరం బలపడే నడకలు చాలాసార్లు సరిపోతాయి. మూడు, నాలుగు దశలకూ, రెండో దశలోనే తరచూ కుంటేవాటికీ ఆపరేషన్ మాట వస్తుంది. ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు కట్టడి.

ఇక తప్పు ఎవరిది? గాడి లోతు తక్కువగా ఉండటం పార్లర్ చేసింది కాదు. గోళ్లు తీసేటప్పుడు కాలు పక్కకు లాగి ఉంటే, తడి టబ్బులో జారి ఉంటే, అంతవరకు లోపలే ఉన్న లోపం బయటపడి ఉంటుంది. కాబట్టి "మీరే విరిచారు" అని మొదలుపెట్టకండి, ఎదుటివాళ్లు నోరు కట్టేసుకుంటారు. "జారాడా? దూకాడా? గోళ్లు తీసేటప్పుడు ఏ కాలుకి గింజుకున్నాడు?" అని అడగండి. డాక్టరుకు పనికొచ్చేది ఆ జవాబే. అదే రోజు ఎముక విరిగి ఉంటే కథ వేరు. బిల్లు, వీడియో, డాక్టరు రాసిచ్చిన కాగితం, తేదీ ఉన్న ఎక్స్-రే దాచుకోండి. మాట్లాడినా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు.

చివరిగా ఒక మాట. ఐదు కిలోలంటున్నారు, చిన్నూ బహుశా పమేరియన్ కాదు. అసలు పమేరియన్ మూడు కిలోల చుట్టూ ఆగిపోతుంది. మన వీధుల్లో పమేరియన్ అనిపించుకునేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. ముద్దు చేయడానికి తేడా ఏమీ లేదు, మందు కొలతకు ఉంది. అందుకే జాతి చెప్పి మందు అడగకండి, తూకం వేసి అడగండి.

ప్రశ్న: రెండున్నర కిలోల టాయ్ పూడుల్, ఏడు నెలలు. గ్రూమింగ్ టేబుల్ మీద నుంచి దూకిందట. ముందు కాలు మణికట్టు పైన వాచి వేలాడుతోంది. పుత్తూరు ఇక్కడికి దగ్గరే, మా ఇంట్లో అందరి చేతులూ కాళ్లూ అక్కడి కట్టుతోనే బాగయ్యాయి. కుక్కకూ కట్టించొచ్చు కదా అంటున్నారు.
పాఠకుడు, చిత్తూరు

జవాబు: పుత్తూరు కట్టు మీద ఈ జిల్లాల వాళ్లకున్న నమ్మకాన్ని కాదనడం మా ఉద్దేశం కాదు. కానీ మీ కుక్క విషయంలో కట్టు ఎవరు కట్టినా, ఆఖరికి పశువుల డాక్టరు కట్టినా, ఎముక అతకకపోయే ప్రమాదం ఎక్కువ. కారణం ఆ ఎముకలోనే ఉంది.

బుల్లి జాతి కుక్కల ముంజేతిలో రెండు ఎముకలూ అగ్గిపుల్లల్లా సన్నగా ఉంటాయి. మణికట్టు దగ్గరి మూడో వంతులో వాటి చుట్టూ కండ దాదాపు ఉండదు, రక్తనాళాలు కూడా పెద్ద జాతుల కంటే తక్కువ. ఎముక అతకాలంటే నెత్తురు అందాలి. పైగా రెండు ఎముకలూ ఒకేచోట విరుగుతాయి కాబట్టి ఒకదానికి ఒకటి ఆసరా ఉండదు, కట్టు లోపల ముక్కలు కదులుతూనే ఉంటాయి. నెలన్నర తర్వాత కట్టు విప్పితే అతుకు లేదు, కండ కరిగిపోయింది, మణికట్టు వంకర తిరిగింది, ఈ మూడూ ఒకేసారి కనబడతాయి. అందుకే ఈ చోట విరుపుకు బుల్లి జాతుల్లో ప్లేటు, స్క్రూలతో ఆపరేషనే సరైన దారి. ఏడు నెలల వయసు కాబట్టి సరిగా నిలబెడితే త్వరగానే అతుకుతుంది.

ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసిన కట్టును కుక్క ఏం చేస్తుందో ఆలోచించండి. వాసనకే కొరికేస్తుంది. కొరకకుండా ఉండాలని బిగించి కడితే ఇంకా ప్రమాదం: లోపల వాపు పెరిగి, నెత్తురు ఆగి, ఒకటి రెండు రోజుల్లో పాదం నల్లబడుతుంది. నోరులేని జీవం "తిమ్మిరెక్కింది, వదులు చేయండి" అని చెప్పలేదు. అలా కుళ్లిన కాలును తీసేయడం తప్ప దారి ఉండదు.

ఇప్పుడు చేయాల్సింది: కాలు సరిచేయడానికి లాగకండి, ఇంట్లో పుల్లలు పెట్టి కట్టకండి. అట్టపెట్టె లేదా ప్లాస్టిక్ టబ్బులో మడిచిన దుప్పటి వేసి, విరిగిన కాలు పైకి ఉండేలా పడుకోబెట్టండి. స్కూటర్ ముందు కాళ్ల దగ్గర నిలబెట్టి కాదు, ఆటోలో ఆ పెట్టెతోనే తీసుకెళ్లండి. చర్మం తెగి ఎముక కనబడితే శుభ్రమైన తడి గుడ్డ పైన కప్పండి, లోపలికి నెట్టకండి, పౌడర్లు చల్లకండి. ఆ రోజే ఆపరేషన్ జరగకపోవచ్చు. అప్పటిదాకా డాక్టరు తాత్కాలికంగా మెత్తటి కట్టు కడితే, నడిమి రెండు వేళ్ల కొసలు బయటికి కనబడేలా కట్టమనండి. రోజుకు రెండుసార్లు ఆ రెండు గోళ్లు చూడండి. పక్కపక్కన ఉండాల్సిన గోళ్లు దూరం జరిగాయంటే లోపల వాపు ఉంది. వేళ్లు చల్లబడినా, కట్టు వాసన వచ్చినా, కుక్క అదేపనిగా కొరుకుతున్నా విప్పించాల్సిందే, తెల్లారేదాకా ఆగకూడదు. బయటికి తీసుకెళ్లేటప్పుడు పాలిథిన్ కవరు తొడగండి, ఇంటికి రాగానే తీసేయండి. కవరు అలాగే ఉంటే చెమ్మకు చర్మం నానిపోతుంది.

ప్రశ్న: ఐదు కిలోల షిట్జూ గ్రూమింగ్ తర్వాత కుంటుతుంటే మందుల అంగడిలో అడిగి డైక్లోఫెనాక్ 50 మాత్ర సగం నిన్న రాత్రి ఇచ్చాం. పొద్దున నుంచి రెండు సార్లు వాంతి, విరేచనం నల్లగా ఉంది. కుంటడం మాత్రం తగ్గింది. ఇంకో సగం ఇవ్వాలా?
పాఠకుడు, పలమనేరు

జవాబు: ఇవ్వకండి. చదవడం ఇక్కడే ఆపి ఆసుపత్రికి బయల్దేరండి, మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. తారులా నల్లటి విరేచనం అంటే కడుపులోనో పేగులోనో నెత్తురు కారుతోంది. వాంతి చేయించడానికి ఉప్పునీళ్లు పట్టకండి. గంటలు గడిచాక అది పనిచేయదు, పైగా ఉప్పే విషమవుతుంది. కడుపు పుండుకు మందులు, సెలైన్ అవసరమవుతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నాయా అన్నది వెంటనే తెలియకపోవచ్చు కాబట్టి రెండు మూడు రోజుల తర్వాత క్రియాటినిన్ పరీక్ష మళ్లీ చేయించండి.

మిగతా పాఠకుల కోసం: పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్, ఆస్పిరిన్, ఏదీ ఇంట్లో ఊహించి ఇవ్వాల్సింది కాదు. కుక్కలకు వాడే మందే అయినా కొలత తలకిందులవుతుంది. మెలాక్సికామ్‌నే చూడండి. కుక్కకు మొదటి రోజు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకు కిలోకు 0.1. ఐదు కిలోల కుక్కకు మొదటి రోజు 1 మిల్లీగ్రాము, తర్వాత అర మిల్లీగ్రాము. అంగడిలో దొరికే మనుషుల మాత్ర 7.5 లేదా 15 మిల్లీగ్రాములు. పెద్దది ఒకటి వేస్తే రోజువారీ కొలతకు ముప్పై రెట్లు.

ఇంకో పొరపాటు కనబడకుండా జరుగుతుంది. ఒకచోట నొప్పికి డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించి, మర్నాడు ఇంకోచోట మెలాక్సికామ్ రాయించుకుంటారు. ఈ రెండూ కలిస్తే కడుపుకు చిల్లులు పడతాయి. ఇంతకుముందు ఏ సూది వేశారో చీటీ మీద రాయించుకుని రెండో డాక్టరుకు చూపించండి.

కుంటడం తగ్గింది అంటున్నారు. నొప్పి తెలియక దూకుతుంది, జారిన కీలు, చిట్లిన లిగమెంట్ (కీలును పట్టి ఉంచే నార) ఇంకా పాడవుతాయి. మందు ఇచ్చినన్నాళ్లూ కట్టడి ఇంకా గట్టిగా ఉండాలి.

ప్రశ్న: గోళ్లు కత్తిరిస్తుంటే నెత్తురు వచ్చిందని చెప్పి పంపించారు. ఇంటికొచ్చాక మళ్లీ కారుతోంది, కాలు ఎత్తి నడుస్తోంది.
పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: గోరు మధ్యలో రక్తనాళం, నరం రెండూ ఉంటాయి. అది తెగింది, అంతే. మొక్కజొన్న పిండి గానీ మైదా గానీ చిటికెడు గోరు కొసకు అద్ది, శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి. మధ్యలో ఆగిందా అని తీసి చూస్తే గడ్డ ఊడి మళ్లీ మొదటికొస్తుంది. రెండుసార్లు ఇలా చేసినా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. ఆగాక ఒక రోజు మట్టిలో, బురదలో తిప్పొద్దు. రెండు రోజుల్లో నడక మామూలవుతుంది. వేలు వాచి చీము పడితే, లేదా పక్కన పైకి ఉండే బొటనవేలి గోరు మొదలంటా చీలి వేలాడుతుంటే దాన్ని మీరు పీకకండి.

ప్రశ్న: గ్రూమింగ్ అయిన మర్నాడు ఎడమ ముందు కాలు కుంటింది. రెండు రోజులకు అది తగ్గి కుడి వెనక కాలు పట్టుకుంది. ఎక్స్-రేలో ఏమీ లేదన్నారు. జ్వరం ఉన్నట్టుంది, తిండి రవంత తగ్గించింది. పార్లర్‌లో ఏం చేసి ఉంటారు?
పాఠకుడు, రేణిగుంట

జవాబు: ఏమీ చేసి ఉండరు. దెబ్బ తగిలిన కాలు అదే కాలుగా ఉంటుంది. కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతోందంటే, దానితోపాటు జ్వరం ఉందంటే, మన ప్రాంతంలో ముందు చూడాల్సింది గోమార్ల జ్వరం. గోమారు కుట్టినప్పుడు నెత్తుట్లో చేరే ఎర్లిషియా లాంటి సూక్ష్మజీవులు కీళ్ల వాపు తెస్తాయి. బొచ్చు పొట్టిగా కత్తిరించినప్పుడు చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు బయటపడ్డాయా అని పార్లర్‌ను అడగండి, ఈ విషయంలో వాళ్లే సాక్షులు.

డిజిటల్ థర్మామీటర్ కొసకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూడండి. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. మన లెక్కలో జ్వరం అనిపించేది కుక్కకు ఆరోగ్యం. 103 దాటితే అనుమానించాలి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తప్పక చూపించండి. ముక్కు నుంచి నెత్తురు, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు ఉంటే ఆలస్యం చేయకండి. డాక్సీసైక్లిన్ రాస్తే సాధారణంగా నాలుగు వారాలు వాడమంటారు. వారానికే కుక్క హుషారవుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు, జ్వరం తిరగబెడుతుంది. మందు తిన్న తర్వాతే ఇవ్వాలి, వెంట కాసిని నీళ్లు పట్టాలి. మాత్ర గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది.

నాలుగు కాళ్లూ ఒకేసారి సున్నితమై, నిప్పుల మీద నడిచినట్టు నడిస్తే అది వేరే. పార్లర్ నుంచి బండి దాకా మే నెల మధ్యాహ్నం తారు మీద నడిపించి ఉంటారు. అరచేతి వెనుక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేని నేల మీద కుక్క పాదం కూడా పెట్టకూడదు. ఈ ఎండలకే భయపడి స్పిట్జ్, పమేరియన్లకు గుండు కొట్టిస్తారు కానీ ఆ బొచ్చే వాటికి ఎండ నుంచి కాపు. చర్మం దాకా తీసేస్తే కొన్నింటికి మళ్లీ సరిగా రాదు. దువ్వించి, పొట్ట కింద, పాదాల కింద తీయిస్తే చాలు.

ప్రశ్న: డాష్‌హండ్, ఆరేళ్లు. స్నానం చేయించి తెచ్చాక వెనక రెండు కాళ్లూ తూలుతున్నాయి. వీపు తాకితే అరుస్తోంది. కాళ్లు బెణికాయా?
పాఠకురాలు, తిరుపతి

జవాబు: కాళ్లు కాదు, వెన్ను. పొడుగు వీపు, పొట్టి కాళ్ల జాతుల్లో వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాలను నొక్కుతుంది. వెనక కాళ్లు ఈడుస్తున్నా, మూత్రం పోయలేకపోతున్నా గంటలు లెక్క. ఒక చేయి ఛాతీ కింద, ఒకటి పిరుదుల కింద పెట్టి వీపు వంగకుండా ఎత్తి, పలక మీద పడుకోబెట్టి ఇప్పుడే తీసుకెళ్లండి. చంకల కింద పట్టుకుని ఎత్తకండి.

ప్రశ్న: కొత్తగా గ్రూమింగ్ పెట్టాను. ఇద్దరు పిల్లలు పని నేర్చుకుంటున్నారు. చిన్న కుక్కలు జాస్తిగా వస్తాయి. కాళ్లకు దెబ్బ తగలకుండా ఎట్లా పట్టుకోవాలో చెప్పండి.
పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. కుక్క కాలు ముందుకూ వెనక్కూ ఆడటానికి తయారైంది, మన చేయిలా పక్కకు తెరుచుకోదు. పనివాళ్లు తమకు గోరు కనబడాలని కాలు పక్కకు లాగుతారు, చిప్ప జారేది, గజ్జ కండరం పట్టేసేది అప్పుడే. వెనక కాలును నేరుగా వెనక్కి తీసుకుని, పాదాన్ని తుంటి ఎత్తు దాటించకుండా, మోకాలి కింద అరచేయి ఆసరా పెట్టి పట్టుకోవాలి. ముందు కాలు మోచేయి ఎత్తు దాటకూడదు. చిన్న కుక్కకు పాదం రెండు మూడు అంగుళాలు లేస్తే చాలు, వంగాల్సింది పనివాడి నడుము. చీలమండ దగ్గర పిడికిలితో పట్టుకుంటే కుక్క గింజుకుంటుంది, గింజుకున్న కొద్దీ మనం బిగిస్తాం, అక్కడే బెణుకుతుంది. గింజుకుంటే వదిలేసి మళ్లీ పట్టుకోవాలి. ఎనిమిదేళ్లు దాటిన వాటికి కీళ్లు బిగిసి ఉంటాయి, పక్కకు పడుకోబెట్టి గోళ్లు తీయండి.

టేబుల్ మీదా టబ్బులోనూ రబ్బరు మ్యాట్ లేకుండా పని మొదలుపెట్టకండి. మెడకు ఉచ్చు వేసి ఫోన్ మోగిందని పక్కకు వెళ్లడం ఒక్క నిమిషమైనా కుదరదు. దూకితే కాలు విరగడమో, మెడ బిగుసుకోవడమో రెండిట్లో ఒకటి. డ్రైయర్ ఆన్ చేసే ముందు ఒక చేయి ఛాతీ మీద ఉండాలి, చాలా కుక్కలు దూకేది ఆ మొదటి శబ్దానికే.

చంకల్లో, గజ్జల్లో ఉండలు కట్టిన బొచ్చును కత్తెరతో తీయకూడదు. ఉండతోపాటు చర్మం పైకి లేచి వస్తుంది, తెగేది చర్మమే. దువ్వెన ఉండకూ చర్మానికీ మధ్య దూర్చి, దాని పైనుంచి క్లిప్పర్ నడపాలి. బ్లేడు వేడెక్కిందేమో మాటిమాటికీ మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోండి. నల్ల గోళ్లలో రక్తనాళం కనబడదు కాబట్టి పల్చటి చెక్కులుగా తీస్తూ పోవాలి. కోసిన చోట మధ్యలో ముదురు చుక్క కనబడగానే ఆపాలి.

కుక్కను తీసుకునేటప్పుడు, అప్పగించేటప్పుడు, రెండుసార్లూ యజమాని ఎదుట నేల మీద పది అడుగులు నడిపించండి. ముందే కుంటుతూ వచ్చిన కుక్క అక్కడే తెలిసిపోతుంది. ఇంతకుముందు చిప్ప జారిందా, ఆపరేషన్ అయిందా, ఏ కాలు ముట్టుకుంటే కరుస్తుంది అని అడిగి చీటీ మీద రాసుకోండి. పని మధ్యలో జారినా, దూకినా, గోరు తెగినా అదే చీటీ మీద టైము, ఏ కాలు అన్నది రాసి యజమాని చేతికివ్వండి. "ఏమీ కాలేదు" అని పంపితే రాత్రికి వాపు వచ్చినప్పుడు డాక్టరు ఎక్కడ చూడాలో తెలియక నాలుగు కాళ్లకూ ఎక్స్-రే తీయాల్సి వస్తుంది.